పసుపు రెయిన్‌కోటుకి ఐదు నక్షత్రాలు

ఆ ఆదివారం పొద్దున స్టోర్స్ సూపర్వైజరు పెట్టుకున్న పనులు రెండే. కాఫీ చల్లారేలోగా ఇద్దరు కుర్రాళ్ళని జట్టులోంచి తీసెయ్యాలి. ఆ తర్వాత నీళ్ళట్యాంకు కొండ దగ్గర ఎవరో రమ్మన్నారు కాబట్టి వెళ్ళి, వాళ్ళ కుర్రాళ్ళని కూడా చూసి, ఎవడు పనికొస్తాడో చెప్పేసి, భోజనం వేళకి ఇంటికి వచ్చెయ్యాలి.

కుర్రాళ్ళంటే నిజం కుర్రాళ్ళు కారు. పంపుసెట్ల ఫ్యాక్టరీలో బోల్టులూ బేరింగులూ వాషర్లూ లెక్క చూసుకునే ఆ పెద్దమనిషికి ల్యాప్‌టాప్‌లో ఒక సైకిల్ రేసుల జట్టు ఉంది. అది ఇంటర్నెట్లో ఆడే ఆట. ఎక్కడెక్కడివాళ్ళో తలా ఒక జట్టుకి మేనేజర్లుగా కూర్చుని బొమ్మ రైడర్లని కొంటూ, అమ్ముతూ, కొండలెక్కిస్తూ ఉంటారు. ప్రతి సీజనుకీ పదిహేడు, పద్దెనిమిదేళ్ళ బొమ్మ కుర్రాళ్ళు కొత్తగా వచ్చి చేరతారు. వాళ్ళలో ఎవడు ముందు ముందు మొనగాడవుతాడో, ఎవడు ఎందుకూ కొరగాడో ఆట పైకి చెప్పదు. మేనేజరే పసిగట్టి ఒక్కొక్కడికీ నక్షత్రాలు వేసుకోవాలి. పనికిరాడనుకుంటే పేరు పక్కనున్న ఎర్ర మీట నొక్కాలి. నొక్కగానే వాడు ముఖంతో సహా మాయమవుతాడు.

ఈ పసిగట్టే విద్యలో సూపర్వైజరుకి తన మీద తనకి అపారమైన గౌరవం. ఆయన సిద్ధాంతం ప్రకారం గెలిచినవాణ్ణి చూసి మురిసిపోయేవాడు వట్టి వెర్రివాడు. గెలిచినవాడు ఉన్నదంతా ఊడ్చి బయటపెట్టేశాడు, ఇక వాడిలో పెరగడానికి ఏమీ లేదు. రొప్పకుండా, ఆవేశపడకుండా, లోపల ఇంకా ఏదో దాచుకున్నట్టు కొండెక్కేవాడే అసలు సరుకు. ఈ సిద్ధాంతం పుణ్యమా అని ఆయన జట్టు చాలాకాలంగా ఆఖరి నుంచి రెండో స్థానంలో నిలకడగా ఉంది. నిలకడ కూడా గొప్ప గుణమేనని ఆయన అంటాడు.

"వెళ్ళొస్తానండీ," అంది భార్య గుమ్మం దగ్గర్నుంచి. ఆవిడ ఆస్పత్రిలో రక్తపరీక్షల ల్యాబులో పనిచేస్తుంది. ఆదివారాలు కూడా డ్యూటీ పడుతుంది; ముందు సంతకి వెళ్ళి, కూరలు కొనుక్కుని, అటునుంచి అటే ఆస్పత్రికి వెళ్తుంది.

"ఊఁ," అన్నాడు సూపర్వైజరు తెరమీంచి కళ్ళు తిప్పకుండా.

"మబ్బు పట్టింది. మేడమీద బట్టలారేశాను. చినుకు పడితే తీసుకురండి."

"ఊఁ."

"ఇల్లంటుకుందన్నా ఊఁ అంటారా?"

"ఊఁ."

ఆవిడ నిట్టూర్చలేదు. పెళ్ళయిన కొత్తల్లో తెచ్చుకున్న నిట్టూర్పులు ఎప్పుడో ఖర్చయిపోయాయి. తలుపు దగ్గరగా వేసి మెట్లు దిగిపోయింది. సూపర్వైజరు రెండుసార్లు ఎర్ర మీట నొక్కి, ఇద్దరి భవిష్యత్తూ ముగించి, మిగిలిన కాఫీ తాగాడు. అప్పటికది చల్లారిపోయింది.

నీళ్ళట్యాంకు కొండ పిలుపు సంగతి ఇలా జరిగింది. ఆయన ఆటలోని కుర్రాళ్ళ కబుర్లు విని విని, ఆఫీసులో భోజనాల బల్ల దగ్గరున్నవాళ్ళంతా ఒక్కొక్కరే వేరే బల్లకి మారిపోయారు. అలాంటప్పుడు వేరే బ్రాంచి నుంచి క్యాషియరు బదిలీ మీద వచ్చాడు. వోచర్లు తప్ప ప్రపంచంలో దేన్నయినా నమ్మే మనిషి. ఖాళీగా ఉంది కదా అని వచ్చి సూపర్వైజరు ఎదుట కూర్చున్నాడు.

"నా దగ్గర కుర్రాళ్ళు చాలామందే ఉన్నారు," అన్నాడు సూపర్వైజరు మొదటిరోజే, పలకరింపుగా. "పోయినవారం ఇద్దర్ని అమ్మేశా. ఒకడు కొండంటేనే ఏడుస్తాడు. ఇంకోడికి పందొమ్మిదేళ్ళకే మోకాలు పోయింది. తిండి దండగ."

క్యాషియరు నమలడం ఆపేశాడు. "అమ్మేశారా?"

"మరి ఉంచుకుని ఏం చేసుకోను?"

కంప్యూటరు అన్న మాట ఎక్కడా రాలేదు. ఎదుటివాడికి తెలిసే ఉంటుందని ఈయన అనుకున్నాడు. ఇంత పెద్ద ఆటగాళ్ళ లోకంలో తనకి తెలియని పద్ధతులెన్నో ఉంటాయని క్యాషియరు అనుకున్నాడు. ఆ సాయంత్రమే క్యాషియరు తన తోడల్లుడికి ఫోన్ చేశాడు. ఆ తోడల్లుడు ఊళ్ళో పిల్లలకి సైకిల్ రేసులు నేర్పే కోచ్.

శనివారం కోచ్ సూపర్వైజరుకి ఫోన్ చేశాడు. "సార్, మీ గురించి మా తోడల్లుడు ఒకటే చెప్పడం. రేపు మా పిల్లలకి రేసుంది. నాతోపాటు చూడాల్సినాయనకి జ్వరమొచ్చింది. వాళ్ళలో ఒకర్ని ఎంచాలి. మీ కన్ను ఒక్కసారి పడితే చాలు సార్."

ఇన్నాళ్ళకి సాటి మేనేజరొకడు తనని గుర్తించాడని సూపర్వైజరు పొంగిపోయాడు. పదిమందీ ఒక ఇంట్లో చేరి, తలా ఒక కంప్యూటరు ముందేసుకుని కూర్చుంటారు కాబోలనుకున్నాడు. "వస్తాను. దాందేముంది! నేను చూస్తే చాలు, వాడి జాతకం తెలిసిపోతుంది," అన్నాడు.

అందుకే ఆయన ల్యాప్‌టాప్ సంచీలో పెట్టుకుని, హవాయి చెప్పులేసుకుని, క్యాషియరు స్కూటరు వెనక్కాల ఎక్కాడు. కొండ మొదట్లో స్కూటరు ఆగింది. ఆయన చుట్టూ ఇళ్ళ కోసం చూశాడు. ఇళ్ళు లేవు. రోడ్డుంది. రోడ్డు నిండా సైకిళ్ళున్నాయి. సైకిళ్ళ పక్కన హెల్మెట్లు పెట్టుకుని, వీపుమీద నంబర్లు కట్టుకుని, ఆవలిస్తూ, కాళ్ళు విదిలిస్తూ నిజం పిల్లలున్నారు.

సూపర్వైజరు గుండె ఒక మెట్టు కిందికి దిగింది.

"వీళ్ళెవరూ?" అన్నాడు మెల్లగా.

"మీరు చూడాల్సిన పిల్లలే గురువుగారూ," అన్నాడు క్యాషియరు. "ఇదుగో తమ్ముడూ, సారు! కుర్రాళ్ళ రికార్డులన్నీ వెంటే ఉంటాయి, చూశావా సంచీ!"

కోచ్ పరిగెత్తుకొచ్చి రెండు చేతులూ పట్టుకున్నాడు. ఎండకి కమిలిన బక్కపలచని మనిషి, మెడలో ఈల. "సార్, దేవుడిలా వచ్చారు. వచ్చేనెల పెద్ద శిక్షణ శిబిరం ఉంది. మా క్లబ్బుకి ఒక్క చోటే ఇచ్చారు. ఇద్దరు పోటీలో ఉన్నారు. అదుగో, ఆ పొడుగుపిల్ల. దర్జీ ఆవిడ కూతురు. ఈ ఏడాది దాటితే వయసు సరిపోదు, దానికిదే ఆఖరి అవకాశం. ఆ కళ్ళజోడు కుర్రాడు బ్యాంకాయన కొడుకు. ఎవర్ని పంపినా రెండోవాళ్ళు నన్ను పక్షపాతమంటారు. మీరు బయటివాళ్ళు, పైగా అనుభవం ఉన్నవాళ్ళు. మీరేమంటే అదే."

నిజం చెప్పడానికి అంతకంటే మంచి సమయం లేదు. 'బాబూ, నాది కంప్యూటర్లో ఆట, నేను చివరిసారి సైకిలెక్కి కాలవలో పడ్డాను' అనేస్తే సరిపోయేది. సూపర్వైజరు నోరు తెరిచాడు కూడా. సరిగ్గా అప్పుడే దర్జీ ఆవిడ తన దగ్గరున్న ఒక్క మడతకుర్చీ తెచ్చి, కొంగుతో తుడిచి, "కూర్చోండి సార్," అంది. బ్యాంకాయన చేతిలో ఉన్న గొడుగు ఆయన నెత్తిమీదకి జరిపాడు. ఇంత మర్యాద ఆయనకి పెళ్ళిలో కూడా జరగలేదు. తెరుచుకున్న నోట్లోంచి "ముందు కొండ మీద చూడాలి" అన్న మాట వచ్చింది.

"చూశావా తమ్ముడూ!" అన్నాడు క్యాషియరు. "అసలైనవాళ్ళు గెలుపు గీత దగ్గర నిలబడర్రా."

కోచ్ తన బైనాక్యులర్స్ తీసి ఆయన మెడలో వేశాడు. పిల్లలు కొండ చుట్టూ తిరిగి మూడుసార్లు ఎక్కాలనీ, పైన ట్యాంకు దగ్గర గీత ఉందనీ చెప్పి, తల్లిదండ్రుల్ని వెంటబెట్టుకుని తను పైకి వెళ్ళిపోయాడు. సూపర్వైజరూ క్యాషియరూ సగం కొండ మీద ఒక మలుపు దగ్గర నిలబడ్డారు. అక్కణ్ణుంచి కింద రోడ్డంతా పాములా కనిపిస్తుంది, మనుషులు మాత్రం చీమల్లా కనిపిస్తారు.

ఈల వినిపించింది. పిల్లలు ఒకసారి ఎక్కి దిగారు. సూపర్వైజరు కళ్ళకి బైనాక్యులర్స్ ఆన్చుకుని చూశాడు. చెమటలు, ఎర్రబడ్డ ముఖాలు, వంగిన వీపులు. తెరమీద అయితే ప్రతివాడి పక్కనా ఓపిక ఎంత మిగిలిందో ఆకుపచ్చ గీత ఒకటి ఉంటుంది. ఇక్కడ ఏ పిల్లాడి పక్కనా ఏ గీతా లేదు. రెండోసారి ఎక్కి దిగారు. ఆయనకి ఏమీ అర్థం కాలేదు. చెప్పుల్లోకి చెమట దిగింది. పైన అంతమంది తన మాట కోసం కాచుకుని ఉన్నారు. ఏదో ఒకటి చెప్పి తీరాలి.

"ఏమంటారు గురువుగారూ?" అన్నాడు క్యాషియరు.

"ఉండు. సరుకు ఇంకా బయటపడలేదు."

సన్నగా చినుకులు మొదలయ్యాయి. మూడోసారి ఎక్కడం మొదలైంది. పొడుగుపిల్ల అందరికంటే ముందు, పళ్ళు బిగించి, సైకిలు మీద లేచి నిలబడి తొక్కుతోంది. దాని వెనక కళ్ళజోడు కుర్రాడు. మిగిలినవాళ్ళు విడిపోయిన పూసల్లా అక్కడొకరు ఇక్కడొకరు.

అప్పుడు కనిపించింది.

వెనకబడ్డ పిల్లల్ని ఒక్కొక్కరినే దాటుకుంటూ ఒక పసుపు రెయిన్‌కోటు కొండెక్కుతోంది. నెత్తిన హెల్మెట్టు, ముక్కు మీద దాకా మాస్కు. లేచి నిలబడటం లేదు, ఊగటం లేదు. కుర్చీలో కూర్చుని కూరలు తరుగుతున్నంత నింపాదిగా తొక్కుతోంది. సూపర్వైజరు వెన్ను నిటారైంది.

"అదీ!" అన్నాడు. "ఆ పిల్లని చూడు."

"నంబరు లేనట్టుందండీ?"

"సత్తాకి నంబరేమిటయ్యా? ముందు బుట్ట చూశావా? బరువు కట్టుకుని మరీ తొక్కుతోంది. వీళ్ళంతా తేలికపాటి సైకిళ్ళ మీద ఆయాసపడుతుంటే ఆ పిల్ల బరువుతో సాధన చేస్తోంది. అదీ పట్టుదలంటే!"

"ఆహా!" అన్నాడు క్యాషియరు.

ఆ పిల్ల ఒక చెయ్యి వదిలి, జేబులోంచి ఫోను తీసి చెవి దగ్గర పెట్టుకుంది. సైకిలు ఇంచీ కూడా పక్కకి జరగలేదు. సూపర్వైజరుకి ఒళ్ళు పులకరించింది. "కొండ మీద ఫోను మాట్లాడుతోందయ్యా! ఊపిరి మిగిలితే తప్ప కుదరదది!"

సరిగ్గా అప్పుడే ఆయన జేబులో ఫోను మోగింది. ఆయన కళ్ళు తిప్పకుండా చెయ్యి మాత్రం జేబులోకి పోనిచ్చి దాని నోరు నొక్కేశాడు. బైనాక్యులర్స్‌లో ఆ పిల్ల ఫోను వంక ఒకసారి చూసి, తల అడ్డంగా ఊపి, మళ్ళీ జేబులో పెట్టుకుని తొక్కడం సాగించింది.

"అవతలివాళ్ళెవరో ఎత్తలేదు," అన్నాడు సూపర్వైజరు గొంతు తగ్గించి. "అయినా చూడు, కోపం లేదు, నిరాశ లేదు. ఒక్కసారి తలూపింది, అంతే. ఇలాంటి నిబ్బరం నేను నా సర్వీసులో చూళ్ళేదు. వయసు పదిహేడు. మహా అయితే పదిహేడున్నర. ఐదు నక్షత్రాలు!"

వాళ్ళిద్దరూ స్కూటరు మీద పైకి చేరేసరికి పొడుగుపిల్ల గెలిచి, గీత పక్కన మోకాళ్ళ మీద చేతులాన్చి నిలబడి ఉంది. కళ్ళజోడు కుర్రాడు రెండోవాడు. తల్లులూ తండ్రులూ కోచ్ చుట్టూ మూగారు. కోచ్ ముఖం వెలిగిపోతోంది.

"సార్, మీ అభిప్రాయం? పొడుగుపిల్లేనా?"

సూపర్వైజరు గొంతు సవరించుకున్నాడు. ఒక్కసారిగా అందరూ ఆయన వైపు తిరిగారు. ఆ చూపులు ఆయన నెత్తికెక్కాయి. పొడుగుపిల్ల ముందుకి వెళ్ళి, దయగా, డాక్టర్లు చెడ్డ కబురు చెప్పే ధోరణిలో మొదలుపెట్టాడు.

"గెలిచావు, సంతోషం. కానీ అమ్మాయ్, అదే నీతో వచ్చిన చిక్కు. ఉన్నదంతా ఊడ్చిపెట్టి గెలిచావు. ఇక నీలో ఏమీ మిగల్లేదు. వయసు చూస్తే అంచుకి వచ్చేశావు. నేను ఎంతమందిని చూశాను! నీకిక ఎదుగుదల లేదు. నా జట్టులో ఉంటే ఈపాటికి తీసేసేవాణ్ణి."

ఆటలో అయితే అక్కడితో అయిపోతుంది. ఎర్ర మీట నొక్కితే బొమ్మ మాయం. ఈ పిల్ల మాయం కాలేదు. అక్కడే నిలబడింది. హెల్మెట్టు పట్టీ విప్పబోయి, విప్పలేక వదిలేసింది. కిందిపెదవి రెండుసార్లు కదిలింది. ఆ తర్వాత ముక్కు ఎగబీల్చింది.

తీసేసినవాళ్ళ ముఖం తీసేసిన తర్వాత ఎలా ఉంటుందో సూపర్వైజరు ఎన్నడూ చూడలేదు. ఆయనకి చూపు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. తన హవాయి చెప్పుల మీద పెట్టుకున్నాడు.

"ఎదుగుదల లేదా?" అంది దర్జీ ఆవిడ ముందుకొచ్చి. ఇందాక కుర్చీ తుడిచిన కొంగు ఇప్పుడు నడుముకి బిగించి ఉంది. "దీని లాగులు ఈ ఏడాది నేను ఎన్నిసార్లు పొడుగు చేశానో మీకేం తెలుసండీ? పిల్ల పొద్దున్నే లేచి కొండెక్కుతుంటే ఒక్కరోజైనా వచ్చి చూశారా? ఇవాళొచ్చి, సగం కొండ మీద నిలబడి, గెలిచినదాన్ని పట్టుకుని గెలవడమే తప్పంటారా?"

"అయితే మా వాడే కదా?" అన్నాడు బ్యాంకాయన, ఆశగా గొడుగు ముందుకి జరుపుతూ.

వెనక్కి తగ్గడానికి అదొక మంచి అవకాశం. కానీ సిగ్గుపడ్డ మనిషి గొంతు పెద్దది చేస్తాడు. సూపర్వైజరు అదే చేశాడు.

"మీవాడూ కాదు! అసలైన సరుకుని మీరెవ్వరూ చూళ్ళేదు. పసుపు రెయిన్‌కోటు! ఆ పిల్లే! ముందు బుట్ట పెట్టుకుని మీ అందర్నీ దాటింది."

జనం గోలెత్తారు. పసుపు రెయిన్‌కోటా? ఎవరి పిల్ల? మన క్లబ్బులో అలాంటి పిల్ల లేదే? "ఇదన్నమాట సంగతి! పక్క క్లబ్బు పిల్లని దొడ్డిదారిన దూర్చారు," అన్నాడు గొడుగు మూసేస్తూ బ్యాంకాయన. "కోచ్ గారూ, దీనికి మీరు జవాబు చెప్పాలి. ఈయన్ని తెచ్చింది మీరు."

"నేనా?" అన్నాడు కోచ్ తెల్లబోయి. పాపం అతనికి ఈల ఊదాలో ఏడవాలో తెలియలేదు. "సార్, ఆ అమ్మాయి మీకు తెలిసినవాళ్ళా? ఉన్నమాట చెప్పండి. పిల్లల ముందు నా పరువు పోతోంది."

"తెలియడమా!" సూపర్వైజరు చెయ్యి గుండె మీద వేసుకున్నాడు. "నేనా పిల్లని నా జన్మలో చూళ్ళేదు. ప్రమాణం చేసి చెబుతున్నా."

జేబులో ఫోను మళ్ళీ మోగింది. విసుగ్గా మళ్ళీ నొక్కేశాడు.

"అదుగో గురువుగారూ, ట్యాంకు కింద షెడ్డులో నిలబడి ఉంది!" క్యాషియరు కేకేసి పరిగెత్తాడు. "అమ్మాయ్! ఓ అమ్మాయ్! నీ అదృష్టం పండింది, రా!"

పసుపు రెయిన్‌కోటు సైకిలు నడిపించుకుంటూ వచ్చింది. జనం దారిచ్చారు. దగ్గరికి వస్తున్నకొద్దీ సూపర్వైజరుకి లోపల ఏదో తేడాగా అనిపించడం మొదలైంది. ఆ నడక. ఎడమ పాదం కాస్త బయటికి పెట్టి వేసే ఆ నడక ఎక్కడో చూశాడు. బహుశా వంటింటి వైపు వెళ్తుండగా.

ఆ పిల్ల మాస్కు కిందికి లాగింది.

"ఏవండీ, మీరిక్కడున్నారా?" అంది ఆయన భార్య. "వాన పడుతోంది, మేడమీద బట్టలు తియ్యండని ఇందాకట్నుంచీ చేస్తుంటే ఫోను కట్ చేస్తారేం?"

కొండ మీద చినుకుల చప్పుడు స్పష్టంగా వినిపించింది.

"మీకు... సారు తెలుసా అమ్మా?" అన్నాడు కోచ్.

"ఏం చెప్పమంటారు బాబూ? మా ఆయనే."

"మరి ఇప్పుడే ప్రమాణం చేశారండీ," అన్నాడు క్యాషియరు అమాయకంగా, "మిమ్మల్ని జన్మలో చూళ్ళేదని."

ఆవిడ భర్త వంక చూసింది. కోపంగా కాదు. ల్యాబులో సీసా ఎత్తి వెలుగులో పట్టుకుని చూసినట్టు చూసింది. "అందులో అబద్ధమేముంది లెండి," అంది. "చూళ్ళేదు."

ఎవరో వెనక నుంచి కిసుక్కుమన్నారు. సూపర్వైజరు చెవులు కాలిపోతున్నాయి.

"నువ్వు సైకిలు తొక్కుతావా?" అన్నాడు, తనకే వినపడనంత మెల్లగా.

"బస్సు వేళలు మార్చినప్పట్నుంచీ తొక్కుతున్నా. రెండేళ్ళు కావస్తోంది. కొనుక్కుంటానండీ అంటే ఊఁ అన్నారు. ఏ రంగు తీసుకోను అంటే దానికీ ఊఁ అన్నారు."

"మరి మెట్ల కింద ఉండే సైకిలు... పైవాటా వాళ్ళది కదూ?"

"నాదే. పైవాళ్ళు సైకిలు అడ్డంగా పెడుతున్నారు, కాస్త గట్టిగా చెప్పు అని మీరే నాతో అన్నారు."

"చెప్పావా?"

"చెప్పుకున్నాను. చెప్పుకుని పక్కకి పెట్టుకున్నాను."

ఈసారి కిసుక్కులు దాటి నవ్వు బాహాటంగా వచ్చేసింది. కళ్ళజోడు కుర్రాడు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. కోచ్ ఒక్కడే నవ్వలేదు. "మా పిల్లలు మూడోసారి ఎక్కుతున్నారు సార్. ఈవిడ అప్పుడే కింద నుంచి వచ్చి ఒక్కసారి ఎక్కారు. ఆపాటి తేడా చూడాలి కదా? ఇంతకీ మీ వయసు అడగొచ్చా అమ్మా?"

"నలభై ఆరు."

"గురువుగారు పదిహేడన్నారండీ," అన్నాడు క్యాషియరు.

ఆవిడ ముఖంలో ఒక్క క్షణం ఏదో కదిలింది. సంతోషమో జాలో సూపర్వైజరు పోల్చుకోలేకపోయాడు. పోల్చుకోవడం ఆయనకి రాదని అప్పటికి అందరికీ తెలిసిపోయింది.

బ్యాంకాయన మాత్రం విడిచిపెట్టే మనిషి కాదు. "అన్నీ బాగానే ఉన్నాయి. అసలు మీది ఏ జట్టండీ? ఎక్కడ తయారుచేశారు మీ కుర్రాళ్ళని?"

ఇక తప్పించుకోవడానికి దారి లేదు. సూపర్వైజరు ల్యాప్‌టాప్ సంచీని గుండెకి హత్తుకున్నాడు.

"ఇందులో," అన్నాడు.

"ఎందులో?"

"కంప్యూటర్లో. అదొక ఆట. జట్టు నిజం కాదు. కుర్రాళ్ళు లేరు. బొమ్మలు."

"మరి అమ్మేశానన్నారు?" అన్నాడు క్యాషియరు. "నేను అది తప్పు కదా అని రెండు రాత్రులు నిద్రపోలేదు. చట్టం ఒప్పుకుంటుంది కాబోలు అని సర్దిచెప్పుకున్నా. మా ఆవిడక్కూడా చెప్పా."

"బొమ్మల్నే అమ్మాను."

"గెలిచారా, ఆ బొమ్మలైనా?" అంది దర్జీ ఆవిడ.

సూపర్వైజరు సంచీ మూతి సరిచేసుకున్నాడు. ఆవిడ అంతకంటే ఏమీ అనలేదు. అని ఉంటే బాగుండేదని ఆయనకి అనిపించింది. తిట్లకి తల వంచుకుని నిలబడటం తేలిక. ఊరుకున్నవాళ్ళ ముందు నిలబడటమే కష్టం.

పొడుగుపిల్ల కాస్త దూరంగా రోడ్డువార బండరాయి మీద కూర్చుని ఉంది. హెల్మెట్టు ఇంకా తియ్యలేదు. సూపర్వైజరు అక్కడిదాకా నడిచాడు. తడి రోడ్డు మీద హవాయి చెప్పులు చప్పుడు చేస్తుంటే, ఆ చప్పుడుకి కూడా సిగ్గుపడుతూ నడిచాడు.

"అమ్మా, నాకేం తెలీదు," అన్నాడు. "సైకిళ్ళ గురించి తెలీదు, నీ గురించి అసలే తెలీదు. నేనన్నదంతా మర్చిపో."

పిల్ల తలెత్తింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "తెలీకుండానే అంత బాగా ఎలా చెప్పారంకుల్?" అంది. ఎత్తిపొడుపు కాదు, నిజంగానే అడిగింది. "నేను నమ్మేశాను. ఇంటికెళ్ళి సైకిలు ఎవరికైనా ఇచ్చేద్దామనుకున్నా."

సూపర్వైజరు ఇంతకుముందూ సిగ్గుపడ్డాడు. ఆఫీసులో లెక్క తప్పినప్పుడు ఆడిటరు ముందు నిలబడ్డాడు. ఒకసారి నిక్కరు చిరిగి బడిలో బల్ల దిగకుండా కూర్చున్నాడు. అవేవీ దీని ముందు నిలవవు. బిగుసుకుపోయిన హెల్మెట్టు పట్టీ ఆ పిల్ల మళ్ళీ లాగుతుంటే, వంగి, తన చేత్తో విప్పబోయాడు. ఆయనకి రాలేదు. భార్య వచ్చి ఒక్క నొక్కుతో విప్పింది.

"పోయినవారం ఎదురుగాలిలో ఎక్కావు చూడు, అది దీనికంటే బాగుంది," అంది ఆవిడ ఆ పిల్లతో.

"మీరు చూశారా ఆంటీ?"

"రోజూ నువ్వు నన్ను దాటిపోతుంటే కనపడకుండా ఎలా ఉంటావే?"

కోచ్ కాగితం తెచ్చాడు. శిబిరానికి ఆ పిల్ల పేరు రాసి తన సంతకం పెట్టాడు. రెండో సంతకం దగ్గర ఆగి, చాలా ఇబ్బందిగా సూపర్వైజరు వంక చూశాడు. "సార్, రెండో పరిశీలకుడని మీ పేరు నిన్ననే పంపేశాను. ఇప్పుడు మార్చడానికి లేదు."

బ్యాంకాయన కూడా ఇక అడ్డు చెప్పలేదు. గెలిచినవాళ్ళని పంపడమే మంచిదనీ, ఈ పరిశీలకుడు తన కొడుకుని మెచ్చుకుని ఉంటే ఊళ్ళో తలెత్తుకు తిరగలేకపోయేవాళ్ళమనీ తన భార్యతో అన్నాడు. సూపర్వైజరు కోచ్ వేలు చూపించిన చోట సంతకం పెట్టాడు. ఆ పూట ఆయన చేసిన సరైన పని అదొక్కటే. అందులోనూ పెన్ను కోచ్‌దే.

జనం పలచబడ్డారు. క్యాషియరు స్కూటరు స్టార్టు చేసి, ఎక్కమనకుండా, "నాకు అటువైపు పనుందండీ," అన్నాడు. గురువుగారూ అనలేదు. అటువైపు కొండ చివర తప్ప రోడ్డు లేదు. అయినా కాసేపు అటే వెళ్ళి, ఈయన చూడటం లేదనుకున్నాక తిరిగొచ్చి దిగిపోయాడు.

"నాకు డ్యూటీకి వేళయింది," అంది భార్య. "ఆస్పత్రి ముందు బస్సాగుతుంది. వెనక్కాల కూర్చోండి. అంతా దిగుడే."

ఆయన క్యారియరు మీద ఒకపక్కకి కూర్చుని, సంచీ ఒళ్ళో పెట్టుకున్నాడు. సైకిలు కదిలింది. చినుకులు ముఖాన కొట్టాయి. పసుపు రెయిన్‌కోటు వీపు కళ్ళ ముందు ఇంత దగ్గరగా ఉంది. ఏదో ఒకటి అనాలి. మెచ్చుకోవాలి. కానీ ఇవాళ ఆయన మెప్పు ఎవరికీ కలిసిరాలేదు.

"బాగా తొక్కుతావు," అన్నాడు చివరికి.

"మలుపొస్తోంది. పట్టుకోండి."

పట్టుకున్నాడు. దారిలో కూరగాయల బండివాడు ఆవిణ్ణి నవ్వుతూ పలకరించాడు. మందుల షాపు అమ్మాయి చెయ్యి ఊపింది. సైకిలు మెకానిక్కు పనాపి, "మొన్న వేసిన గొలుసు ఎలా ఉందక్కా?" అని కేకేశాడు. అందరూ ఆవిణ్ణి చూసి, తర్వాత వెనకున్న మనిషిని చూసి, ఎవరో పోల్చుకోలేక ఊరుకున్నారు. సూపర్వైజరు సంచీ కాస్త పైకెత్తి ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. వాన కోసమే అన్నట్టు.

ఆస్పత్రి గేటు దగ్గర వాచ్‌మన్ లేచి ఆవిడకి సలాం కొట్టి, క్యారియరు మీంచి తడిసి ముద్దయి దిగుతున్న మనిషిని చూసి కంగారుగా చక్రాల కుర్చీ లాక్కొచ్చాడు.

"ఎవరమ్మా, పేషెంటా?"

"కాదు, మావారు," అంది ఆవిడ సైకిలుకి స్టాండు వేస్తూ. "ఇవాళే పరిచయమయ్యారు."